ఓరుగల్లుకు యాత్రికులు – నాడు, నేడు

ఓరుగల్లును చూడటానికి పరదేశీయులు రావటం ఈనాటి సంగతి కాదు. పర్యాటక శాఖ అనే పేరు పుట్టక ముందే, గైడ్లు, కాటేజీలు లేని రోజుల్లోనే ఈ నగరానికి వర్తకులు, కవులు, రాయబారులు, సైన్యాలు వచ్చి పోయాయి. అట్లాగే రాకపోకలు పూర్తిగా సన్నగిల్లి, కోట గోడల మీద తుమ్మచెట్లు మొలిచిన కాలాలు కూడా ఉన్నాయి. 2021లో రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిన తరువాత తిరిగి అందరి చూపూ ఇటు మళ్ళింది. ఈ సందర్భంలో వెనుకటి చరిత్ర ఒకసారి నెమరువేసుకుంటే, ముందు ఏమి చేయాలో కొంత తెలియగలదని ఈ వ్యాసం ఉద్దేశం. మన పెన్షనర్ మిత్రులలో చాలామంది ములుగు, ఏటూరునాగారం, నర్సంపేట తాలూకాలలో ఉద్యోగాలు చేసినవారే. కనుక ఇందులోని ఊళ్ళు, దారులు వారికి నేను చెప్పనవసరం లేదు.

కాకతీయుల నాటి రాకపోకలు

కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవులో వేయించిన శాసనం మనందరం చిన్నప్పుడు పాఠంలో చదివిందే. మోటుపల్లి ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్నది. అంతకు ముందు గాలివానకు ఓడ దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకు వస్తే, అందులోని సరుకంతా ఆ ప్రాంతపు పాలకుడు స్వాధీనం చేసుకునేవాడు. గణపతిదేవుడు ఆ అలవాటు మాన్పించి, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని విదేశీ వర్తకులకు అభయం ఇచ్చాడు. పరాయి దేశం నుంచి వచ్చేవాడికి ముఖ్యంగా కావలసినవి రెండు. ఒకటి ప్రాణానికి, సొమ్ముకు భద్రత. రెండవది ఎంత ఖర్చవుతుందో ముందే తెలియటం. నేటి పర్యాటక రంగానికీ ఈ రెండే మూలసూత్రాలు. ఆ తరువాత కొద్ది దశాబ్దాలకే వెనిస్ యాత్రికుడు మార్కోపోలో మోటుపల్లిని గురించి, ఆ రాజ్యాన్ని ఏలుతున్న రాణిని గురించి, ఇక్కడి సన్నని నేత బట్టలను గురించి రాశాడు. ఆ రాణి మన రుద్రమదేవి అని చరిత్రకారుల అభిప్రాయం.

రాజధాని ఎట్లా ఉండేదో తెలుసుకోవాలంటే వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామం చూడాలి. ఇది శ్రీనాథుని రచనే అనే వాదం కూడా ఒకటి ఉన్నది. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామం దీనికి మూలం. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగంటి వీధుల్లో తిరుగుతూ చూసిన వింతలన్నీ ఇందులో ఉన్నాయి. సంతలు, గుళ్ళు, పల్నాటి వీరుల కథలు పాడేవారు, రకరకాల ఆటలు అన్నీ కనిపిస్తాయి. ఒక రూక ఇచ్చి పూటకూళ్ళ ఇంట కమ్మని భోజనం చేయటం కూడా ఉన్నది. ఈ కావ్యాన్ని తెలుగులో మొదటి నగర పర్యటన పుస్తకమని అనవచ్చు. గమనించవలసింది ఏమంటే, ఆ ఇద్దరూ గుడి చూసి వెంటనే తిరిగి పోలేదు. తిన్నారు, తిరిగారు, కథలు విన్నారు, పొద్దుపోయే దాకా ఊళ్ళో గడిపారు. వారి రూకలు పూటకూళ్ళ ఇంటికి, వీధిలోని కళాకారులకు చేరాయి. పర్యాటకం వల్ల ఊరికి లాభం అంటే ఇదే.

పతనం, ఆ తరువాతి మరుపు

1310లో మాలిక్ కాఫర్ దండయాత్రను వర్ణిస్తూ అమీర్ ఖుస్రో ఓరుగల్లు మట్టికోటను గురించి ప్రత్యేకంగా రాశాడు. శత్రువులు సైతం మెచ్చుకున్న కోట అది. కాని 1323లో ఉలుగ్ ఖాన్ చేతికి కోట చిక్కింది. ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. నగరం పేరు సుల్తాన్‌పూర్‌గా మారింది. కోట నడుమ ఉన్న స్వయంభూ దేవాలయం నేలమట్టమైనా, దాని నాలుగు దిక్కుల నిలిచిన కీర్తి తోరణాలు మాత్రం ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. ఆ పక్కనే ఉన్న ఖుష్ మహల్ తుగ్లక్‌ల కాలంలో కట్టిందా, 16వ శతాబ్దపు షితాబ్ ఖాన్ కట్టించిందా అనే విషయమై పండితులలో అభిప్రాయ భేదాలున్నాయి.

తరువాత కొన్ని వందల ఏళ్ళు ఓరుగల్లు ఒక జిల్లా కేంద్రంగా, తివాచీలు, నేత పనికి పేరుపడిన ఊరుగా ఉండిపోయింది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు ఉంచారు. అంటే మన ఊరి పేరు విదేశాలలో వినిపించింది గుళ్ళ వల్ల కాదు, నేతగాళ్ళ చేతి పని వల్ల. అడవిలో ఉన్న రామప్ప గుడి మాత్రం చుట్టుపక్కల పల్లెలవారికి తప్ప ఇతరులకు అంతగా తెలియని స్థితిలో ఉండిపోయింది.

రైలు, పురావస్తు శాఖ

నిజాం రైల్వే 1886లో వరంగల్ దాకా వచ్చి, 1889లో బెజవాడను కలిపింది. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తి కావటంతో ఢిల్లీ–మద్రాసు రైళ్ళు కాజీపేట మీదుగా నడవసాగాయి. ఉత్తరానికి, దక్షిణానికి పోయే ప్రతి ప్రయాణికుడూ మన ఊరి మీదుగానే పోవలసి వచ్చింది.

అదే కాలంలో మరొక ముఖ్యమైన పని జరిగింది. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను నెలకొల్పి గులాం యజ్దానీని డైరెక్టరుగా నియమించింది. అజంతా మీద ఆయన చేసిన కృషి లోక విదితం. పాలంపేట దేవాలయాల మీద ఆయన రాసిన గ్రంథం 1922లో భారత పురావస్తు శాఖ ప్రచురణగా వెలువడింది. రామప్ప గుడిని గురించి శాస్త్రీయమైన సమాచారం బయటి పండితులకు అందించింది ఈ పుస్తకమే. ఒక ప్రభుత్వోద్యోగి తన విధి నిర్వహణలో చేసిన పని నూరేళ్ళ తరువాత ప్రపంచ గుర్తింపుకు పునాది రాళ్ళలో ఒకటి అయిందంటే, ఉద్యోగులమైన మనకు అది గర్వకారణం కాదా?

రాకలు తగ్గిన రోజులు

స్వాతంత్ర్యం తరువాత 1952లో పాకాల అభయారణ్యం ఏర్పడింది. పాకాల చెరువు గణపతిదేవుని కాలం నాటిదే. 1976లో రాష్ట్రంలో పర్యాటకాభివృద్ధి సంస్థ ఏర్పడింది. చూడవలసిన స్థలాలకు కొరత లేదు. హనుమకొండలో రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి, భద్రకాళి, కోట, రామప్ప, లక్నవరం, పాకాల అన్నీ ఒక్క జిల్లాలోనే ఉండేవి.

అయినా 1980వ దశకం నుంచి రెండు దశాబ్దాల పాటు బయటివారు ఇటు రావటానికి జంకిన మాట మనలో ఎవరూ మరచిపోలేరు. నక్సలైట్ల బందులు, పోలీసుల గాలింపులు, ఎన్‌కౌంటర్లు, బస్సులు తగలబెట్టటం పత్రికలలో నిత్యం వార్తలే. 1992లో పీపుల్స్‌వార్ మీద నిషేధం వచ్చింది, 1995లో తొలగింది, 1996లో మళ్ళీ వచ్చింది. ములుగు దాటి పోయిన ఉద్యోగి పొద్దుగూకేలోపల తిరిగి రావాలని ఇంట్లో వారు గుమ్మంలో ఎదురు చూసేవారు. ఉద్యోగుల పరిస్థితే అట్లా ఉంటే, సరదాగా చూసిపోదామని వచ్చే కుటుంబాల సంగతి చెప్పేదేమున్నది? రెండు వైపులా నలిగిపోయిన పల్లె ప్రజల బాధ ముందు పర్యాటకుల లోటు చిన్నదే. కాని ఆ కాలంలో అడవి దారిలో ఒక హోటలో, దుకాణమో పెట్టుకుందామనుకున్నవారికి ధైర్యం చాలలేదు. గుళ్ళ ఆలనాపాలనా కూడా వెనుకబడింది.

దీనికి ఒక్క మినహాయింపు మేడారం. సమ్మక్క–సారలమ్మ జాతరకు ఆ రోజుల్లోనూ జనం తగ్గలేదు. 1996లో దీనిని రాష్ట్ర పండుగగా ప్రభుత్వం ప్రకటించింది. ఒకనాడు ఎడ్ల బండ్ల మీద, అడవిలో దారి చేసుకుంటూ పోయిన జాతరకు ఇప్పుడు రెండేళ్ళకొకసారి కోటి మందికి పైగా వస్తారని అధికారుల అంచనా. నిలువెత్తు బంగారం అంటే బెల్లం తూచి తల్లులకు సమర్పించే ఈ కోయ గిరిజన జాతరకు హోటళ్ళు, ప్రకటనలు అవసరం లేకపోయాయి. విశ్వాసమే జనాన్ని తెచ్చింది.

రామప్పకు గుర్తింపు ఎట్లా వచ్చింది

రామప్ప గుడిని గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడని అక్కడి శాసనం చెబుతుంది. శిల్పి రామప్ప పేరు మీద గుడికి పేరు నిలిచిందని ప్రతీతి. పునాదిలో ఇసుక నింపి దాని మీద కట్టడం లేపారు. శిఖరానికి నీళ్ళలో తేలేటంత తేలికైన ఇటుకలు వాడారు. ఎర్రటి ఇసుకరాతి గోడలకు నల్లని రాతితో చెక్కిన మదనికల విగ్రహాలు ఆధారంగా నిలిచాయి. వాటిలోని నాట్య భంగిమలను కాకతీయ సేనాని జాయప నృత్తరత్నావళితో పోల్చి పరిశోధకులు చూస్తారు. భూకంపాలకు నేల కుంగి మండపం అడుగు ఎగుడుదిగుడు అయినా గుడి మాత్రం నిలిచే ఉన్నది.

ఈ గుడిని యునెస్కో జాబితాలో చేర్పించటానికి జరిగిన ప్రయత్నంలో విశ్రాంత ఉద్యోగుల పాత్ర చాలా ఉన్నది. విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారి బి.వి. పాపారావు, మన ఎన్.ఐ.టి.లో పనిచేసి రిటైరైన ఆచార్య ఎం. పాండురంగారావు ప్రభృతులు కాకతీయ హెరిటేజ్ ట్రస్టు పక్షాన ఏళ్ళ తరబడి కృషి చేశారు. గుడి పునాదుల ఇంజనీరింగు విశేషాలను విదేశీ నిపుణులకు నచ్చచెప్పటం సామాన్యమైన పని కాదు. 2014లో తాత్కాలిక జాబితాలో పెట్టినప్పుడు రామప్పతో పాటు వేయిస్తంభాల గుడి, కోటలోని కీర్తి తోరణాలు కూడా ఉన్నాయి. తుది ప్రతిపాదనలో ఆ రెండూ లేవు. చుట్టూ ఇళ్ళు, దుకాణాలు కమ్ముకుని వచ్చిన తరువాత పాత పరిసరాలు ఇవీ అని చూపటం కష్టం. పల్లెలో, చెరువు పక్కన, పొలాల మధ్య ఉండటం రామప్పకు మేలు చేసింది.

2019లో అంతర్జాతీయ నిపుణులు వచ్చి పరిశీలించారు. వారి సంస్థ ఐకోమోస్ కొన్ని లోపాలు ఎత్తి చూపింది. కరోనా వల్ల 2020 సమావేశం వాయిదా పడింది. చివరికి చైనాలోని ఫుజౌ కేంద్రంగా ఆన్‌లైనులో జరిగిన సమావేశంలో రష్యా మొదలైన సభ్య దేశాల మద్దతుతో 2021 జూలై 25న రామప్ప గుడి జాబితాకెక్కింది. భారతదేశంలో ఇది 39వ వారసత్వ స్థలం, తెలుగు రాష్ట్రాలలో మొదటిది. అదే సమావేశంలో సరిగ్గా నాలుగు రోజుల ముందు, జూలై 21న, ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవును ఆ జాబితా నుంచి తొలగించారు. ఎడాపెడా కొత్త కట్టడాలు లేపి రేవు పాత స్వరూపాన్ని పాడు చేశారన్నది కారణం. జర్మనీలోని డ్రెస్డెన్ లోయకు 2009లో ఒక వంతెన వల్ల ఇదే గతి పట్టింది. అంటే హోదా వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండటానికి వీలు లేదు. రామప్ప చుట్టూ హోటళ్ళు, లేఅవుట్లు విచ్చలవిడిగా వస్తే, ఏ పరిసరాల వల్ల గుర్తింపు వచ్చిందో అవే పోతాయి.

వచ్చేవారు ఉన్నారు, నిలిచేవారు తక్కువ

2022 జూలైలో కాకతీయ వైభవ సప్తాహం జరిపి, బస్తర్ నుంచి కాకతీయ వంశీయుడు కమల్ చంద్ర భంజ్‌దేవ్‌ను ఆహ్వానించారు. 2022 డిసెంబరులో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము రామప్పను దర్శించారు. 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన వివిధ దేశాల యువతులు వేయిస్తంభాల గుడిని, రామప్పను చూసి వెళ్ళారు. ప్రచారానికి లోటు లేదు.

లోటు మరొక చోట ఉన్నది. హైదరాబాదు నుంచి నాలుగు వరుసల రహదారి పడ్డాక ఉదయం కారులో బయలుదేరి, వేయిస్తంభాల గుడి, కోట, వీలైతే రామప్ప చూసి, రాత్రికి ఇల్లు చేరటం సులువైంది. యాత్రికుడు ఊళ్ళో రాత్రి బస చేయకపోతే లాడ్జికి గిరాకీ లేదు, సాయంత్రం భోజనం లేదు, మరునాడు ఉదయం ఆటో లేదు, కొత్తవాడ జంపఖానా కొనే తీరిక అసలే లేదు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెంబర్తి లోహపు పనికి, చేర్యాల నకాషీ బొమ్మలకు అంతకు ముందే వచ్చింది. కాని ఆ వస్తువులు చేసే ఇల్లు ఏ వీధిలో ఉన్నదో కోట చూడ వచ్చినవాడికి చెప్పే దిక్కు లేదు. క్రీడాభిరామంలోని స్నేహితులిద్దరికి ఉన్న వెసులుబాటు నేటి యాత్రికుడికి లేదు.

ఇంకొక చిక్కు పరిపాలనాపరమైనది. 2016లోను, ఆ తరువాత 2019లోను జరిగిన విభజనలతో పాత వరంగల్ జిల్లా ఆరు జిల్లాలైంది. కోట ఒక జిల్లాలో, వేయిస్తంభాల గుడి మరొక దానిలో, రామప్ప, లక్నవరం, మేడారం ములుగులో, పెంబర్తి జనగామలో పడ్డాయి. చేర్యాల సిద్దిపేటకు పోయింది. గుళ్ళు కేంద్ర పురావస్తు శాఖవి, చెరువులు నీటిపారుదల శాఖవి, అడవి అటవీ శాఖది, కాటేజీలు పర్యాటక సంస్థవి. ఫైలు ఎన్ని బల్లలు తిరగాలో మనకు తెలియనిది కాదు. కేంద్రం 2015లో ప్రారంభించిన హృదయ్ పథకంలో దేశం మొత్తం మీద ఎంపికైన 12 నగరాలలో వరంగల్ ఒకటి. ములుగు, లక్నవరం, మేడారం, తాడ్వాయి, దామరవాయి, మల్లూరు, బొగత జలపాతం కలిపి గిరిజన సర్క్యూట్‌గా స్వదేశ్ దర్శన్ కింద కూడా మంజూరైంది. పథకం ముగిశాక ఆ కట్టడాలను ఎవరు ఊడ్చాలి, ఎవరు మరమ్మతు చేయాలి అన్న దగ్గరే పని ఆగుతుంది.

మామునూరు విమానాశ్రయం సంగతి కూడా ఇటువంటిదే. నిజాం కాలం నాటి ఆ రన్‌వే 1980వ దశకం మొదటి నుంచి మూతపడి ఉన్నది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం పునరుద్ధరణకు ఆమోదం తెలిపింది. వేయిస్తంభాల గుడి కళ్యాణ మండపం కథ మరీ పెద్దది. 2006లో పునర్నిర్మాణం కోసం విప్పిన రాళ్ళు తిరిగి మండపంగా నిలిచి 2024 మార్చిలో శివరాత్రి నాడు తెరుచుకునే సరికి 18 ఏళ్ళు పట్టింది. పని నాణ్యంగా జరిగిందన్నది సంతోషమే. కాని ఆ 18 ఏళ్ళలో వచ్చిన యాత్రికులు చూసింది అంకెలు వేసి పేర్చిన రాళ్ళ గుట్టలనే.

కోటలో కాపురమున్నవారు

ఖిలా వరంగల్ ఉత్త శిథిలాల తోట కాదు. కోట లోపల తరతరాలుగా జనం కాపురముంటున్న ఊరు ఉన్నది. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం కూడదు, మరమ్మతుకూ అనుమతి కావాలి. ఆ పైన 200 మీటర్ల వరకు ఆంక్షలున్నాయి. కట్టడాలను కాపాడటానికి ఈ చట్టం అవసరం, సందేహం లేదు. కాని వానకు కూలిన గోడ లేపుకోవటానికి కాగితాలు పట్టుకుని తిరిగే కుటుంబానికి కీర్తి తోరణం మీద ప్రేమ ఎట్లా కలుగుతుంది? మరో వంక మట్టికోటను ఆక్రమించి ప్లాట్లు చేసినవారు ఉన్నారు. ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టటం న్యాయం కాదు. పాత కాపురస్తులకు మరమ్మతు అనుమతులు త్వరగా ఇచ్చి, వారి పిల్లలకే గైడు పని, టికెట్టు పని, తోటల పని ఇస్తే, కోటకు వారికన్న మంచి కాపలాదారులు ఎక్కడ దొరుకుతారు?

ఈ విషయంలో కంబోడియాలోని ఆంకోర్ మనకు పాఠం. అంతర్యుద్ధంతో సర్వనాశనమైన ఆ బీద దేశం 1992లో ఆంకోర్‌ను వారసత్వ జాబితాకెక్కించింది. అప్పుడు అది ప్రమాదంలో ఉన్న స్థలాల పట్టికలో కూడా చేరింది. 1995లో అప్సర అనే ఒకే సంస్థకు బాధ్యతలన్నీ అప్పగించారు. 2004లో ప్రమాద జాబితా నుంచి బయటపడింది. కరోనాకు ముందు ఏటా 20 లక్షలకు పైగా విదేశీయులు వచ్చేవారు. కాని హోటళ్ళు పెరిగి భూగర్భజలం విపరీతంగా తోడటం వల్ల అక్కడ కొత్త ఆందోళన మొదలైంది. బాధ్యత ఒక్కరి చేతిలో పెట్టటం వారి నుంచి నేర్చుకోవలసింది. నీటిని మరవటం నేర్చుకోకూడనిది. మన గుళ్ళకు పక్కనే చెరువు ఉండటం కాకతీయుల పద్ధతి. చెరువు ఎండిన తరువాత గుడి ఒక్కటీ మిగిలితే అది కాకతీయుల వారసత్వం అనిపించుకోదు.

మనం చేయగలిగింది

పెద్ద పెద్ద పథకాలు ప్రభుత్వం చూసుకుంటుంది. పెన్షనర్లుగా మనవల్ల అయ్యే పనులు కొన్ని ఉన్నాయి. మనలో ఉపాధ్యాయులు, ఇంజనీర్లు, రెవెన్యూ, అటవీ, రైల్వే ఉద్యోగులు ఉన్నారు. చరిత్ర తెలిసినవారు వారానికి ఒక పూట కోటలోనో, వేయిస్తంభాల గుడిలోనో కూర్చుని, బడిపిల్లలకు, వచ్చిన కుటుంబాలకు నాలుగు మాటలు చెప్పవచ్చు. హిందీ, ఇంగ్లీషు వచ్చినవారు గైడు పని నేర్చుకునే యువకులకు పాఠాలు చెప్పవచ్చు. ఏ ఊళ్ళో ఏ శాసనం, ఏ తూము, ఏ చిన్న గుడి ఉన్నదో తెలిసినవారు అది కాగితం మీద పెట్టి మన సంఘం ద్వారా పురావస్తు శాఖకు పంపవచ్చు. గుళ్ళ దగ్గర మంచినీళ్ళు, మరుగుదొడ్లు, ముసలివారు పట్టుకుని ఎక్కటానికి కమ్మీలు, ఎండలో కాళ్ళు కాలకుండా పరుపు పట్టాలు కావాలని అర్జీ పెట్టవలసింది మొదట మనమే. అటువంటి వసతులు మనకు అనుకూలమైతే పరదేశి వృద్ధులకూ అనుకూలమే.

దూరపు బంధువులు వచ్చినప్పుడు సాయంత్రానికే బస్సెక్కించక, ఒక రాత్రి ఉంచుకుని, మరునాడు రామప్పకు పంపటం కూడా పర్యాటకాభివృద్ధే. వచ్చేటప్పుడు కొత్తవాడలో ఒక జంపఖానా కొనిపించండి. ఉద్యోగంలో ఉండగా ఈ జిల్లా మట్టి మీద తిరిగి జీతం తీసుకున్నాము, ఇప్పుడు పెన్షన్ తీసుకుంటున్నాము. రామప్ప కోసం పాటుపడిన విశ్రాంత ఉద్యోగులు ఆ రుణం తమ వంతు తీర్చారు. మన వంతు ఏమిటో సభ్యులు ఆలోచించి, వచ్చే సర్వసభ్య సమావేశంలో తమ సూచనలు తెలుపవలసిందిగా మనవి.